విరిగిన చీలమండ: కట్టు నుండి శస్త్రచికిత్స వరకు

జనగామ జిల్లాలోని కొడకండ్లలో నేతపనివారు ఎక్కువ. గుంట మగ్గంపై పనిచేసే నేతగాడు కాళ్లను గుంటలోనికి దించి కూర్చొంటాడు. చేతులు నాడెను నడుపుతూ ఉంటే, పాదాలు క్రిందనున్న చెక్కలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతూ ఉంటాయి. అట్లా తొక్కిన ప్రతిసారీ వంగి లేచే కీలు చీలమండ. మగ్గం నేసేవారికే గాక నాట్లు వేసేవారికి, బిందె మోసేవారికి, గుడిమెట్లు ఎక్కేవారికి కూడా ఈ కీలే ఆధారం. ఇటువంటి ఊళ్లో అరవై ఏండ్లు దాటిన మనిషి తడిసిన గడప దగ్గరనో, పొలం గట్టు మీదనో కాలు జారి చీలమండ విరుగగొట్టుకొన్నప్పుడు ఆ ఇంటివారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: కట్టు కట్టించడం మంచిదా, శస్త్రచికిత్స చేయించడం మంచిదా?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని వయస్సు మళ్లినవారు కొన్ని వారాలు మంచం పట్టితే కండరాలు క్షీణిస్తాయి. కాలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చును. ఊపిరితిత్తులకు జబ్బు చేయవచ్చును. పడుకొన్న చోట ఒరుసుకొని పుండ్లు పడవచ్చును. తిరిగి తన కాళ్లపై తాను నడవడమా, శేషజీవితం ఇతరుల చేతుల మీద గడపడమా అన్నది పలువురి విషయంలో ఈ చిన్న కీలు మీదనే ఆధారపడి ఉన్నది.

వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం ఎప్పుడూ ఒకే తీరుగా లేదు. అది మొదట కట్టు వైపు నిలిచింది. తరువాత కత్తి వైపు మొగ్గింది. ఇరవై ఒకటవ శతాబ్దంలో వృద్ధుల విషయంలో కొంతవరకు కట్టు వైపునకు తిరిగి చూచింది. ఆ చరిత్రలో కొన్ని ఘట్టాలు తెలుగునేల మీదనే జరిగినాయి.

గాడిలో అమరిన ఎముక

మోకాలి క్రింద రెండు ఎముకలు ఉన్నాయి. లోపలివైపు లావుగా ఉండేది అంతర్జంఘిక. వెలుపలివైపు సన్నగా ఉండేది బహిర్జంఘిక. వీటి క్రింది కొనలు రెండూ కలిసి ఒక గాడిగా ఏర్పడతాయి. వడ్రంగి ఒక చెక్కలో గాడి తీసి మరొక చెక్క మొనను అందులో బిగించినట్లు, పాదంలోని పైయెముక అయిన తాలస్ ఆ గాడిలో అమరి ఉంటుంది. కాలికి ఇరుప్రక్కలా చేతికి తగిలే గుబ్బలు ఆ గాడి అంచులే. విద్యార్థులు తమ కాలిని తడిమి చూచుకొంటే లోపలి గుబ్బ కంటె వెలుపలి గుబ్బ కొంచెం క్రిందికి దిగి ఉన్నట్లు తెలుస్తుంది. ఈ ఎముకలను గట్టి స్నాయువులు త్రాళ్లవలె పట్టి ఉంచుతాయి.

పాదం మెలి తిరిగినప్పుడు తాలస్ ఈ గాడి అంచులను త్రోసి విరుగగొడుతుంది. ఒక్క అంచు మాత్రమే విరిగి, స్నాయువులు చెడకుండా ఉంటే కీలు నిలకడగానే ఉంటుంది. రెండు అంచులూ విరిగినా, ఒకటి విరిగి రెండవ వైపు స్నాయువు తెగినా తాలస్ ప్రక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటు ఎంత కొద్దిదైనా తేలికగా తీసుకోదగినది కాదు. 1976లో రాంసే, హామిల్టన్ అనే ఇద్దరు మృతదేహాల చీలమండలపై ప్రయోగం చేసి, తాలస్ ఒక్క మిల్లీమీటరు వెలుపలికి జరిగితే కీలులో ఎముకలు ఒకదానినొకటి తాకే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని చూపినారు. వైశాల్యం తగ్గితే మిగిలిన చోట ఒత్తిడి పెరుగుతుంది; కాలక్రమాన మృదులాస్థి అరిగి కీలు నొప్పి పుడుతుంది. కనుక తాలస్‌ను మరల గాడిలో సరిగా కూర్చోబెట్టడం, ఎముక అతికేవరకు దానిని అక్కడనే ఉంచడం, ఈ రెండే చికిత్స యొక్క లక్ష్యాలు. కట్టుకూ, కత్తికీ వివాదం లక్ష్యాలలో లేదు, మార్గంలోనే ఉన్నది.

సుశ్రుతుని పలక, పుత్తూరు వెదురు

విరిగిన ఎముకల గూర్చి సుశ్రుతసంహిత విపులంగా చెప్పింది. ఎముక విరగడాన్ని పన్నెండు విధాలుగా, కీలు తొలగడాన్ని ఆరు విధాలుగా విభజించింది. తొలగిన భాగాన్ని లాగి, అదిమి, సరిచేసి, మేడి, రావి, మర్రి, మోదుగ వంటి చెట్ల పట్టలనో, వెదురు బద్దలనో చుట్టూ పెట్టి గుడ్డతో కట్టమన్నది. కట్టు మరీ వదులైతే ఎముక నిలువదనీ, మరీ బిగువైతే వాపు, నొప్పి కలుగుతాయనీ హెచ్చరించింది. చలికాలంలో ఏడు దినాలకు, సమశీతోష్ణ కాలంలో అయిదు దినాలకు, వేసవిలో మూడు దినాలకు కట్టు మార్చవలెనన్నది. కాలు విరిగినవానిని పలకపై పడుకోబెట్టి, కాలు కదలకుండా ఇరువైపులా, అరికాలి వద్ద మేకులు నాటే పద్ధతి కూడా అందులో ఉన్నది.

అన్నింటికంటె గమనింపదగినది వయస్సును గూర్చిన మాట. తొలి వయస్సులో నెలకు అతికే ఎముక నడివయస్సులో రెండింతల కాలానికి, ముదిమిలో మూడింతల కాలానికి గట్టిపడుతుందని సుశ్రుతుడు లెక్క కట్టినాడు. ఈ లెక్కను నేడు అక్షరాలా పాటించనక్కరలేదు. కాని వృద్ధుని ఎముకను యువకుని ఎముకతో సమానంగా చూడరాదన్న గ్రహింపు ఆనాటికే కలిగినదని దీనివల్ల తెలుస్తున్నది.

కట్టు విద్య పల్లెలలో వంశపరంపరగా నిలిచి వచ్చింది. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది తిరుపతికి చేరువలోని పుత్తూరు కట్టు. పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో కేశవరాజు అనే ఆయన దీనిని ప్రారంభించినారని చెబుతారు. కాలు విరిగిన కుందేటికి ఆకులు చుట్టగా ఎముక అతికిందని, దానిని చూచి ఆయన ఈ విద్య నేర్చినారని ఒక కథ వాడుకలో ఉన్నది. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు ఈ కట్టులోని ముఖ్యవస్తువులు. పసరు మాట ఎట్లున్నా, వెదురు బద్దలు చేసే పని స్పష్టమే: విరిగిన ఎముకను అవి కదలనీయవు. కదలకుండా ఉన్న ఎముక సాధారణంగా తనంతట తాను అతుకుతుంది. అయితే తాలస్ గాడిలోనికి వచ్చినదా, ఒక మిల్లీమీటరు ప్రక్కనే ఆగిపోయినదా అన్నది చేతి స్పర్శకు తెలియదు. కట్టు విద్యకు ప్రపంచమంతటా ఉండిన హద్దు ఇదే.

పాట్, మత్తైసెన్

ఐరోపాలోనూ పంతొమ్మిదవ శతాబ్దం వరకు బద్దల కట్టే ప్రధాన చికిత్స. ఎముక చర్మాన్ని చీల్చుకొని వెలుపలికి వస్తే చీము పట్టి ప్రాణం పోతుందని భయపడి కాలిని తీసివేసేవారు. 1756లో లండనులో పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు గుర్రం మీదనుండి పడి అట్లే కాలు విరుగగొట్టుకొన్నాడు. కదిలిస్తే ఎముక ఇంకా చెడుతుందని ఎరిగినవాడు గనుక, ఒక తలుపును కొని తెప్పించి, దానికి మోతకర్రలు బిగించి, దానిపై తనను ఇంటికి మోయించుకొన్నాడట. తోటి వైద్యులు కాలు తీయడానికి సిద్ధమైనారు. ఆయన గురువైన ఎడ్వర్డ్ నోర్స్ చివరి క్షణంలో వచ్చి వారించినాడు. కాలు దక్కింది. 1760ల చివర పాట్ ఎముకల విరుగుళ్లపై వ్రాసిన గ్రంథంలో చీలమండ గాయాన్ని వర్ణించినాడు. ఆయనకు విరిగినది చీలమండ కాకపోయినా ఆ గాయం నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

1851లో హాలెండు సైనిక వైద్యుడు మత్తైసెన్ గుడ్డపట్టీలకు పారిస్ ప్లాస్టరు పొడిని పట్టించి, తడిపి చుట్టే పద్ధతి కనిపెట్టినాడు. కొద్ది నిముషాలలో గట్టిపడి కాలి ఆకారాన్నే పొందే ఈ కట్టు బద్దల కట్టు కంటె చాల మేలైనది. కాని దీనిలోనూ ఒక చిక్కు ఉన్నది. దెబ్బ తగిలిన కాలు వాస్తుంది. వాపును తట్టుకొనేటందుకు లోపల దూది దట్టంగా పెడతారు. నాలుగు దినాలకు వాపు తీయగానే కట్టు లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఎముక మరల జరుగుతుంది. ఈ చిక్కే వైద్యులను కత్తి వైపునకు నడిపించింది.

మూడు అడ్డంకులు, హైదరాబాదు ప్రయోగాలు

కాలిని కోసి ఎముకను కంటితో చూచి అతకడానికి మూడు అడ్డంకులు ఉండినాయి: నొప్పి, చీము, చూపు.

చీమును జయించినవాడు జోసెఫ్ లిస్టర్. 1865 ఆగస్టు 12న గ్లాస్గోలో బండి క్రింద పడి కాలు విరిగిన పదకొండేండ్ల బాలుని గాయానికి ఆయన కార్బాలికామ్లంలో ముంచిన కట్టు కట్టినాడు. చీము పట్టలేదు, కాలు దక్కింది. చూపును ప్రసాదించినవాడు రాంట్‌జెన్. 1895 నవంబరు 8న ఆయన కనుగొన్న క్ష-కిరణాలు చర్మం క్రిందనున్న ఎముకను వైద్యుని కంటికి చూపినాయి.

నొప్పి విషయంలో హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యచరిత్రలో నిలిచింది. 1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడుకను ప్రవేశపెట్టినాడు. దానితో నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స సాధ్యమైంది గాని, కొందరు రోగులు హఠాత్తుగా బల్ల మీదనే మరణించేవారు. మరణకారణం ఊపిరి ఆగడమా, గుండె ఆగడమా? హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతియైన ఎడ్వర్డ్ లారీ ముందుగా ఊపిరి ఆగుతుందనీ, కనుక నాడి చూడనక్కరలేదు, శ్వాసను గమనిస్తే చాలుననీ వాదించినాడు. దీనిని తేల్చుకొనేటందుకు 1888లో హైదరాబాదు క్లోరోఫారం సంఘం జంతువులపై ప్రయోగాలు చేసింది. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను శంకించగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌనులు ఇచ్చి, ఆ పత్రిక పక్షాన ఒక శాస్త్రజ్ఞుని పిలిపించింది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ సంఘంతో కలిసి పనిచేసి, చివరకు లారీతోనే ఏకీభవించినాడు.

అయినా కథ అంతటితో ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె గదులు లయ తప్పి అదిరి, హఠాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించినాడు. హైదరాబాదు నిర్ణయం పూర్తిగా సరియైనది కాదని తేలింది. కాని మత్తుమందు భద్రతను ప్రయోగంతోనే తేల్చవలెనన్న పట్టుదల వృథా పోలేదు. గుండె బలహీనంగా ఉండే వృద్ధులకు ఈ ప్రశ్న యువకులకంటె ఎక్కువ ముఖ్యమైనదని వేరుగా చెప్పనక్కరలేదు.

వృద్ధులకు మరొక మార్గం జర్మనీలో దొరికింది. 1898 ఆగస్టు 16న ఆగస్ట్ బియర్ వెన్నులోనికి కొకెయిను ఎక్కించి, నడుము క్రింది భాగాన్ని మాత్రమే మొద్దుబరచి శస్త్రచికిత్స చేసినాడు. ఆ తొలి రోగికి శస్త్రచికిత్స జరిగినది చీలమండకే. క్షయ సోకిన ఆ కీలును ఆయన కోసి బాగుచేసినాడు. కొకెయినుకు బదులు మేలైన మందులు వచ్చిన తరువాత ఈ వెన్ను మత్తు వృద్ధుల కాలి శస్త్రచికిత్సలలో విరివిగా వాడుకలోనికి వచ్చింది.

లోహపు యుగం

అడ్డంకులు తొలగిన పిమ్మట లోహం రంగంలోనికి వచ్చింది. 1890లలో లండనులో ఆర్బత్‌నాట్ లేన్ ఉక్కు మరలతో ఎముకలను బిగించినాడు. బెల్జియంలో లాంబాట్ లోహపు పలకలను, మరలను రూపొందించినాడు. అదే దేశానికి చెందిన డానిస్, విరిగిన ముక్కలను ఒకదానికొకటి గట్టిగా ఒత్తిపెడితే అవి చక్కగా అతుకుతాయని 1949లో ప్రకటించిన గ్రంథంలో వివరించినాడు. ఆయన పనిని స్వయంగా చూచి వచ్చిన మారిస్ ముల్లర్, తోటి స్విట్జర్లండు వైద్యులతో కలిసి 1958లో ఎముకల శస్త్రచికిత్స అధ్యయనానికి ‘ఏవో’ సంఘాన్ని స్థాపించినాడు. ఎముకను ఉన్నదున్నట్లు కూర్చడం, కదలకుండా బిగించడం, కీలును త్వరగా ఆడించడం వారి సూత్రాలు. అదే బృందానికి చెందిన వెబర్ బహిర్జంఘిక ఎంత ఎత్తున విరిగినదో దానినిబట్టి చీలమండ విరుగుళ్లను ఎ, బి, సి అని మూడు తరగతులు చేసినాడు.

తెలుగు ప్రాంతాలలో ఇటువంటి చికిత్సకు తగిన ఆస్పత్రులు క్రమంగా వెలసినాయి. 1908 మూసీ వరదలో హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ధ్వంసం కాగా, 1920లలో ఉస్మానియా ఆస్పత్రి భవనం లేచింది. 1959లో వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల ఏర్పడింది. 1960లలో నిజాం ధర్మనిధి సహాయంతో హైదరాబాదులో ఎముకల చికిత్సకే ప్రత్యేకంగా ఆస్పత్రి నెలకొన్నది. ‘నిమ్స్’గా పేరొందిన సంస్థకు అదే మూలం. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండిన కొడకండ్ల వారికి పెద్ద వైద్యమంటే వరంగల్లో, హైదరాబాదో. 2023లో జనగామలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

ముదిమి ఎముక, పలుచని చర్మం

పలక, మరలు యువకులలో చక్కని ఫలితాలు ఇచ్చినాయి. వృద్ధులకు కూడా అదే పద్ధతి మంచిదని చాలమంది వైద్యులు భావించినారు. అయితే అక్కడ మూడు కష్టాలు ఎదురైనాయి.

మొదటిది ఎముక. ముదిమిలో, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముక గుల్లబారుతుంది. మెత్తబడిన మట్టిగోడలో కొట్టిన మేకు ఊడివచ్చినట్లు అందులో మరలు పట్టు తప్పుతాయి. రెండవది చర్మం. చీలమండ దగ్గర ఎముకకూ చర్మానికీ నడుమ కండ దాదాపు లేదు. వృద్ధుల పలుచని చర్మాన్ని కోసి క్రింద లోహం పెడితే గాయం విచ్చుకోవచ్చును, చీము పట్టవచ్చును. మూడవది మధుమేహం, రక్తనాళాల జబ్బు. ఇవి ఉన్నవారికి గాయం మానడం ఆలస్యమౌతుంది. నరాలు మొద్దుబారితే నొప్పి తెలియక, ఎముక అతకకముందే కాలు మోపి కీలును చెరుపుకొంటారు.

వీటికి విరుగుడుగా క్రొత్త సాధనాలు వచ్చినాయి. మర తలకు కూడా చుట్లు కోసి, దానిని పలకలోనే బిగుసుకొనేటట్లు చేసినారు. అందువల్ల గుల్ల ఎముకలోనూ పట్టు నిలుస్తుంది. చిన్న కోతతో బహిర్జంఘిక లోపలికే దూర్చే సన్నని కడ్డీలు కూడా వాడుకలోనికి వచ్చినాయి. అయినా మూలప్రశ్న మిగిలే ఉండినది: వృద్ధులకు అసలు కోత అవసరమా?

620 మంది తీర్పు

దీనిని తేల్చేటందుకు బ్రిటనులోని 24 ఆస్పత్రులలో 2010 నుండి 2013 వరకు 620 మందిని ఒక పరిశోధనలో చేర్చుకొన్నారు. అందరూ అరవై ఏండ్లు దాటినవారు. అందరికీ చీలమండ నిలకడ తప్పేటట్లు విరిగింది. ఎవరికి ఏ చికిత్స అన్నది వైద్యుని ఇష్టానికి వదలక, చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించినారు. ఒక వర్గానికి శస్త్రచికిత్స చేసినారు. రెండవ వర్గానికి మామూలు ప్లాస్టరు గాక, ఒక ప్రత్యేకమైన కట్టు కట్టినారు. శస్త్రచికిత్స గదిలో మత్తు ఇచ్చి, ఎముకను సరిచేసి, దూది చాల తక్కువగా పెట్టి, కాలి రూపానికి అంటుకొని ఉండేటట్లు శస్త్రవైద్యుడే దానిని అచ్చువోసినాడు. మత్తైసెన్ కట్టులోని ఖాళీని తొలగించడమే దీని రహస్యం.

2016లో ఫలితాలు వెలువడినాయి. నడక, మెట్లు ఎక్కడం, నొప్పి మొదలైనవాటికి నూటికి మార్కులు వేయగా, ఆరు నెలలకు శస్త్రచికిత్స వర్గానికి సగటున 66.0, కట్టు వర్గానికి 64.5 వచ్చినాయి. ఆచరణలో రెండూ సమానమే. గాయం చెడడం, చీము పట్టడం శస్త్రచికిత్స వర్గంలో నూటికి 10 మందికి, కట్టు వర్గంలో ఒక్కరికి సంభవించింది. అయితే కట్టుకు కూడా లోపం ఉన్నది. క్ష-కిరణ చిత్రాలలో ఎముక వంకరగా అతికినట్లు కనిపించినది కట్టు వర్గంలో నూటికి 15 మందికి; శస్త్రచికిత్స వర్గంలో ముగ్గురికి. కట్టు కట్టించుకొన్న 275 మందిలో 52 మందికి తరువాత శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది.

ఈ అంకెలను ఒంటికంటితో చదువరాదు. కత్తి అనవసరమని ఇవి చెప్పడం లేదు. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటపడినప్పుడు, కట్టులో కీలు నిలువనప్పుడు శస్త్రచికిత్సే శరణ్యం. ఏ కట్టైనా చాలునని కూడా ఇవి చెప్పడం లేదు. ఇక్కడ గెలిచిన కట్టు శస్త్రవైద్యుడు మత్తులో కట్టినది. క్ష-కిరణాలతో మరల మరల పరీక్షించినది. అయిదుగురిలో ఒకరికి అది చాలకపోయినా, ఆ సంగతి సకాలంలో పట్టుబడింది.

అందుచేత కొడకండ్లలోని ఇంటివారి ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు గాని, అడుగవలసిన ప్రశ్నలు మాత్రం తేలినాయి. తాలస్ గాడిలో ఉన్నదని క్ష-కిరణ చిత్రం చూపుతున్నదా? మొదటి వారాలలో మరల చిత్రం తీయించినారా? రోగికి మధుమేహం ఉన్నదా, పాదానికి స్పర్శ తెలుస్తున్నదా? చర్మం కోతను ఓర్చుకోగలదా? కట్టు బిగువై వ్రేళ్లు నల్లబడినా, చల్లబడినా, మొద్దుబారినా అది వెదురు కట్టైనా ప్లాస్టరైనా సరే, ఆ గంటలోనే విప్పించవలె.

కట్టు వదులు కారాదు, బిగువు కారాదు, ముదుసలి ఎముకకు ఎక్కువ కాలం పడుతుంది అన్న సుశ్రుతుని మాటలు నేటికీ నిలిచే ఉన్నాయి. వాటికి క్ష-కిరణాల చూపు, శుభ్రమైన శస్త్రం, భద్రమైన మత్తు తోడైనాయి. వీటిలో దేనిని ఎప్పుడు వాడవలెనో నిదానించి ఎన్నుకొంటే, విరిగిన చీలమండ మరల మనిషి బరువును మోస్తుంది.